పైపు రానీయండి

“పైపు వేయనిచ్చేది లేదు!” అంటూ పేరయ్య బల్ల మీద గుద్దిన గుద్దుకి నీళ్ళ సీసా దొర్లి మునిసిపల్ అధికారి కాగితాల మీద పడింది.

గుంటూరు శివార్లలో, మిర్చి కోల్డ్ స్టోరేజీల వెనకున్న కాలనీ అది. ఇళ్ళల్లో సెప్టిక్ ట్యాంకులన్నీ పూడ్చేసి, మురుగంతా భూమిలో పైపుల గుండా ఊరి బయటికి పంపే పని ఒక ప్రైవేటు కంపెనీకి ఇవ్వబోతున్నారు. జనం ఏమంటారో రాసుకుపోడానికి వచ్చాడు ఆ అధికారి. కమ్యూనిటీ హాల్లో నిలబడటానికి కూడా చోటు లేదు. మిర్చి ఘాటుకి ఏదో మూల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు.

“ఇంట్లో ట్యాంకు ఉండగా నెలనెలా కంపెనీకి ఎందుకు కట్టాలండీ?” అంది కాలేజీ లెక్చరరు లక్ష్మీదుర్గ. “ఇవాళ ఒక రేటు చెప్తారు. రేపు పెంచితే ఎవర్నడగాలి?”

“అది కాదు మేడమ్...” అని కంపెనీ మేనేజరు ప్రద్యుమ్న లేచాడు. హాలంతా ఒక్కసారిగా అరిచేసరికి మళ్ళీ కూలబడ్డాడు.

అధికారి తడి కాగితాలు దులుపుకున్నాడు. “రేటు సంగతి రాసుకున్నాను. దానికోసం ప్లాను ఆగదు. ఎవరి బతుకుతెరువైనా పోతుందంటే చెప్పండి, అప్పుడు పైవాళ్ళు ఆలోచిస్తారు.”

కాలనీ సంఘం ప్రెసిడెంటు పేరయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

“పోతుందండీ! మాకు కాదు, ఇదిగో, ఈ పేదవాడికి!” అని ముందు వరసలోకి చెయ్యి చూపించాడు.

అక్కడ జక్రయ్య కూర్చుని ఉన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ కాలనీ ట్యాంకులన్నీ కడుగుతున్న మనిషి. అక్కడ కుర్చీలో కూర్చోవడం మాత్రం అదే మొదలు. వెనక్కి ఆనుకుంటే ఎవరేమనుకుంటారోనని అంచునే కూర్చున్నాడు.

పొద్దున అతన్ని పిలిపించింది పేరయ్యే. “ఒరేయ్, ‘నా పొట్ట కొట్టొద్దు’ అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు. ఇప్పుడు మైకులో, “జక్రయ్యగారూ, రండి” అన్నాడు.

జక్రయ్య మైకు అందుకున్నాడు. రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.

“అయ్యా, ట్యాంకరు వచ్చి పైన నీళ్ళు లాగుద్ది. అడుగున గడ్డకట్టిన మడ్డి దానికి రాదు. మనిషి దిగి బకెట్టుతో తోడాల. ఆ దిగే మనిషిని నేనే.”

“విన్నారుగా, అదే ఆయన జీవనాధారం!” అన్నాడు పేరయ్య. చప్పట్లు మోగాయి.

“ఉండండయ్యా, చెప్పనీయండి.” జక్రయ్య గొంతు సవరించుకున్నాడు. “పోయిన ఎండాకాలం నాలుగో లైనులో నా తమ్ముడు దిగాడు. నేను పైన బకెట్టు లాగుతున్నా. రెండో బకెట్టు పైకి రాలా. పిలిస్తే పలకలా. నిచ్చెన కోసం ఇంటింటికీ పరిగెత్తి గేట్లు కొట్టా. ఆ చేతుల్తో గేటు ముట్టుకోవద్దని లోపల్నుంచే అరిచారు. లోపలి విషగాలికి పోతే, కాలు జారి పడ్డాడని కాగితంలో రాశారు. నేనూ ఏలిముద్రేశా.”

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పడ్డాయి. లక్ష్మీదుర్గ తల దించుకుంది.

“ఇది బతుకుతెరువు కాదయ్యా. పైపు రానీయండి. ట్యాంకులన్నీ పూడ్చేయండి. పస్తులైనా ఉంటాను గానీ మళ్ళీ దిగను.”

హాలు భగ్గుమంది. “తిన్నింటి వాసాలు లెక్కపెడతావట్రా!” అని ఎవరో వెనకనుంచి అరిచారు. పేరయ్య మైకు లాక్కున్నాడు. “ఒరేయ్, ఇంకెప్పుడైనా ఈ కాలనీ గేటు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!”

“తొక్కనయ్యా. నేను చెప్పిందీ అదేగా” అన్నాడు జక్రయ్య.

అధికారి కలం తీశాడు. “అయితే మీకు అభ్యంతరం లేదని రాసుకోనా?”

“రాసుకోండి బాబూ.”

వేలు సిరాలో ముంచి, చూపించిన చోట గట్టిగా అద్ది, జక్రయ్య బయటికి నడిచాడు. దారిలో జనం పక్కకి జరిగారు. బయట వేప చెట్టు కింద ఆగి, పెళ్ళాం సంతోషకుమారికి ఫోను చేశాడు.

“ఏమే, చెప్పేశా. అందరి ముందరా చెప్పేశా.”

“ఎవరూ కొట్టలేదు గదా?”

“లేదే. పైపు వస్తంది. ఇంక నేను దిగను.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “నా మీద ఒట్టెయ్యి” అంది.

“నీ మీద ఒట్టు.”

ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువేదో దిగినట్టయింది. ఆ గాలిలో మిర్చి ఘాటు కూడా అతనికి హాయిగానే తగిలింది.

“జక్రయ్యగారూ! ఆగండాగండి!”

ప్రద్యుమ్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. వస్తూనే జక్రయ్య రెండు చేతులూ ఫోనుతో సహా పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. ఆ చేతుల్ని అలా పట్టుకున్న పెద్దమనిషి ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు. జక్రయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇవాళ మీరు లేకపోతే మా ప్లాను గంగలో కలిసేదండీ. మీ మేలు మర్చిపోను. వచ్చే నెల నుంచి మీరు మా కంపెనీ మనిషి. యూనిఫాం, ఐడీ కార్డు, అన్నీ ఇస్తాం.”

“నాకు చదువు రాదు బాబూ. ఏం పనిస్తారు?”

“చదువుతో పనేముందండీ? పైపు ఎక్కడన్నా పూడుకుపోతే మ్యాన్‌హోల్లోకి దిగి తీయాలి. ఇరవై అడుగుల లోతు, ఎవర్నడిగినా దిగనంటున్నారు. మీకైతే అలవాటేగా!”