చెవులున్నవాడు

"గాలిలో ఇంకా పదునుందిరా. కాస్త మెత్తబడాలి," అన్నాడు బావ, హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకుంటూ.

బావ తీస్తున్న పొట్టి సినిమాకి తుఫాను గాలిని కంప్యూటర్‌లోని సింథసైజర్‌తో పుట్టిస్తున్న బామ్మర్దికి ఒళ్లు మండింది. శబ్దం పదును తగ్గించే ఫిల్టర్ నాబ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ పొద్దున్నంతా చెక్కిన గాలి అది! సిమెంటు కొట్టు నడుపుకునే మనిషికి గాలి పదునేం తెలుసు, మెత్తదనమేం తెలుసు!

వెనక నిలబడ్డ అక్కకి కన్నుగీటి, ఫిల్టర్‌ని ఆపేద్దామని దాని బటన్ నొక్కాడు. ఇక నాబ్ ఎంత తిప్పినా శబ్దం మారదు. బావ మొహమే చూస్తూ ఊరికే తిప్పాడు.

"ఆఁ! ఇదీ గాలంటే!" అన్నాడు బావ. ఇంతలో ఫోన్ మోగితే హెడ్‌ఫోన్స్ తీసేసి వరండాలోకి నడిచాడు.

బామ్మర్ది పగలబడి నవ్వాడు. "చూశావా అక్కా, మీ ఆయన చెవులు! ఫిల్టర్ ఆపేసి ఉత్తుత్తినే తిప్పితే గాలి మారిపోయిందట!"

"ఆపేస్తే మరి ఆ పచ్చదీపం వెలుగుతోందేంరా?"

వాడు తెర వైపు తిరిగాడు. బటన్ పక్కన చుక్క పచ్చగా వెలుగుతోంది. ఫిల్టర్ నడుస్తోంది. వాడు నొక్కింది మాత్రం ఒక్కసారే.

"అంటే ఇందాకటిదాకా ఆగే ఉందన్నమాట," అంది అక్క. "పొద్దున ఆ నాబ్ తిప్పకముందొకటి, తిప్పాకొకటి, రెండు గాలులు వినిపించావు. రెండూ ఒకేలా ఉన్నాయిరా అంటే నాకు చెవుల్లేవన్నావు."

వరండాలోంచి బావ కేకేశాడు. "ఒరేయ్, ఇక దాన్ని కదపకు! చెడగొట్టేస్తావ్!"

వాడి చెయ్యి మౌస్ మీంచి దానంతటదే లేచిపోయింది.