ఆ కుక్క నాది కాదు

సేటు గారి కుక్క కరిచిందంటూ మంగల్ ఆయన పెరట్లోంచి కుంటుతూ వీధిలోకి వచ్చాడు. మోకాలి కింద గుడ్డ చుట్టి ఉంది. పెంకులు సర్దడానికి ఆ పొద్దునే కుదిరిన కూలీ అతను.

శ్రీరంగం సేటు సంగతి కొంటా ఊరి బజారంతటికీ తెలుసు. నోటిమాట నమ్మడు. ఏదైనా కాగితం మీద, ఇద్దరు సాక్షులతో ఉండాలి.

“అరిచిన చప్పుడే లేదు. కరిచిందంటే ఎట్ల నమ్మాలె?” అన్నాడు సేటు.

“కరిసేటప్పుడు దాని నోరు ఖాళీగ లేదు సేటూ,” అన్నాడు మంగల్.

జనం పోగయ్యారు. వార్డు మెంబరు సుమిత్ర వచ్చి గుడ్డ విప్పమంది. రక్తం చూస్తే కళ్లు తిరిగే సేటు, “వద్దొద్దు, ఉండనీ” అని ముఖం తిప్పుకున్నాడు.

“సరే. కుక్క ఎవరిదైతే సూదుల ఖర్చు, నెల రోజుల కూలీ వాళ్లే ఇయ్యాలె. లేదంటే పోలీసు ఠాణాకు పోదాం,” అంది సుమిత్ర.

సేటు పెరట్లోకి చూశాడు. గొలుసుకు కట్టి ఉన్న ఆ కుక్కే అతని గోదాముకు కాపలా. దాన్ని చూపించి ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నాడో. కానీ నెల రోజుల కూలీ.

“అది నా కుక్క అని ఎవరన్నరు? యాడికెల్లో వచ్చింది, ఇంత అన్నం పడేస్తున్న,” అన్నాడు.

పక్కింటి నాగలక్ష్మి నవ్వింది. “ఏంది అన్నా, నిన్నటిదాక షేరూ షేరూ అని పిలిస్తివి.”

“పిలిస్తే నాదైతదా? నిన్ను చెల్లే అని పిలుస్త. ఆస్తిల వాటా ఇస్తనా?”

“అయితే రాసియ్యి,” అంది సుమిత్ర.

రాయడం సేటుకు ఇష్టమైన పని. ఈ కుక్క నాది కాదు, ఎన్నడూ నాది కాదు, దీన్ని ఎవరు తోలుకుపోయినా నాకు అభ్యంతరం లేదు అని రాసి సంతకం చేశాడు. సుమిత్ర చేత, నాగలక్ష్మి చేత సాక్షి సంతకాలు కూడా పెట్టించాడు.

మంగల్ దిగులుగా కాగితం అందుకున్నాడు. “ఇగ ఏం జేస్త. కరిచిన కుక్కకు పిచ్చి ఉందో లేదో పది దినాలు కనిపెట్టి చూడాలంట. నా ఇంటికాడ కట్టేసుకుంట సేటూ.”

వద్దంటే కుక్క మళ్లీ తనదైపోతుంది. సేటు పెరటి వైపు చెయ్యి చూపించాడు.

“తోలుకపో. ఆ గొలుసు కూడా నాది కాదు.”

మంగల్ కుక్కను పట్టుకుని కుంటుకుంటూ వెళ్లాడు. బస్టాండు మలుపు తిరిగాక కుంటడం మానేశాడు. కాలి గుడ్డ విప్పి మెడ మీది చెమట తుడుచుకున్నాడు. అక్కడ కాచుకుని ఉన్న అతని భార్య గంగే మీదికి కుక్క ఎగిరి దూకి, ముఖమంతా నాకేసింది.

“నిరుడు దోర్నపాల్ సంతల మన కుక్కను జీపులో ఏసుకపోయి, అడగబోతే నీదేనని కాగితమేది అని సేటు నిన్ను ఎల్లగొట్టె గదా,” అన్నాడు మంగల్. “ఇగో, ఆయన చేతనే రాయించుకొచ్చిన.”