రెప్ప వేయని అవ్వ

క్రిస్మస్ ఆరాధన ముగిసినప్పటి నుంచి శిరివెళ్లలో ఇది పదకొండో ఇల్లు. నంద్యాల ఫొటోగ్రాఫర్ కరుణాకర్ నడుం పట్టుకుని కెమెరా వెనక వంగాడు. పొడుగు వైరున్న ఫ్లాష్‌ను పక్కనుంచి ఎత్తి పట్టుకున్న అతని భార్య లూదియాకు చేయి తిమ్మిరెక్కింది.

పిల్లాపాపలతో వరసగా కూర్చున్న సంజీవయ్య కుటుంబం మీద ఫ్లాష్ వెలిగింది.

"మళ్లా కండ్లు మూసినారు! సంజీవయ్య సారూ, మీరు గూడా మూస్తే యెట్ల? మీయమ్మను చూడండి, రెప్ప గూడా ఆర్పలే."

"మాయమ్మకు బెదురు లేదప్పా," అన్నాడు సంజీవయ్య గర్వంగా.

"ఇంగ ఫిల్ములో ఒక్కటే ఉండాది. కదలొద్దండి."

లూదియా చేయి మార్చుకోబోతే, ఫొటో తీయకముందే ఫ్లాష్ మీది బటన్ నొక్కుకుపోయింది. సంజీవయ్య తల్లి ఎస్తేరమ్మ మొహం ముందే భగ్గుమంది. పిల్లలు కెవ్వుమన్నారు. ఎస్తేరమ్మ మాత్రం కదల్లేదు.

ఆమె చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి లూదియా కొంగు పట్టుకుంది.

"లైటు పడేటప్పుడు చెప్పమ్మా," అంది మెల్లగా. "నేను గూడా నగుతా."

పక్కనే కూర్చున్న సంజీవయ్య నవ్వు ఆగిపోయింది.

లూదియా ఫ్లాష్‌ను మళ్లీ ఎత్తి పట్టుకుని, "ఇప్పుడవ్వా," అంది.

ఆ ఫొటోలో ఎస్తేరమ్మ నవ్వుతోంది. మిగతా అందరూ కెమెరానే చూస్తున్నారు. సంజీవయ్య ఒక్కడే తల్లి కళ్లలోకి చూస్తున్నాడు.