ఎంగిలాకుల సన్మానం

అడవిలో మడుగు ఒడ్డున జంతువులు వనభోజనాలు పెట్టుకున్నాయి. అడవిలో ఉండేవాళ్లకి వనభోజనాలేమిటని అడగకండి. తినడానికి ఒక వంక కావాలి, అంతే. తిన్నాక విస్తళ్లు అక్కడే వదిలేసి పోయాయి. మోదుగాకు విస్తరి త్వరగానే మట్టిలో కలుస్తుంది, నిజమే. కానీ వెయ్యి విస్తళ్లు ఒకచోట పడితే అది చెత్తకుప్పే.

ఆ కుప్ప కింద, ఇసుకలో, తాబేలు గుడ్లున్నాయి.

మర్నాడు పొద్దున్నే తాబేలు జంతువుల సంఘానికి అధ్యక్షుడైన ఏనుగును బతిమాలింది. “అధ్యక్షా, నా పిల్లలు ఈ సాయంత్రం బయటికొస్తారు. దారి లేక చస్తారు. ఎవరి విస్తరి వాళ్లను తియ్యమనండి.”

“తిన్న విస్తరి తీస్తే మా పరువేం కాను?” అంది ఏనుగు.

ఆ మాట విన్న పంది ఒక్కటే మధ్యాహ్నందాకా ఒడ్డంతా శుభ్రం చేసింది. జంతువులు మురిసిపోయి అక్కడే దానికి సన్మానం పెట్టాయి. దండలు, ఉపన్యాసాలు, మళ్లీ విందు. ఒడ్డు మళ్లీ విస్తళ్లమయం.

“వరాహంగారూ, మీరుండగా మాకేం లోటు!” అంది నెమలి, తన ఎంగిలాకు పంది ముందే పడేస్తూ.

“పొగడకమ్మా, నీ ఆకు నువ్వు తియ్యి.”

“నాలుగు దండలు పడేసరికి ఎంత పొగరో!” అంది నక్క.

పందీ తాబేలూ గుడ్లున్న చోట ఆకులు లాగేశాయి. ఇసుక కదిలింది. పిల్లలు ఒక్కొక్కటే బయటపడి, మిగిలిన ఎంగిలాకుల మీద జారుతూ లేస్తూ మడుగు వైపు పాకాయి.

ఏనుగు తొండమెత్తింది. “చూశారా! పసివాళ్ల కాళ్లు కాలకుండా మన సంఘం ఆకులు పరిచింది!”

చప్పట్లు మారుమోగాయి. ఆ సంతోషంలో మూడో విందు వడ్డించుకున్నాయి.