గోడ మీది సీమ గొర్రె

“రవ్వంత ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఇంతే ఉండాల, అన్నా!” దేవకి నూలుపోగును చాచి పట్టుకుంది.

తిరుత్తణి కొండ మెట్ల దగ్గర పటాలమ్మే ఏళుమలై పకపకా నవ్వాడు. “మురుగన్‌కి చొక్కా కుట్టిస్తావా ఏంది, అక్కా? కొలత తెచ్చినావే!”

“ఎగతాళి తరవాత. సీక్కిరం ఇయ్యి. పన్నెండు గంటల బస్సుకి మా అత్త వచ్చేస్తాది.”

నాలుగు నెలల కిందట, ఆడికృత్తిక పండగ మర్నాడు, దేవకి కొంగు తగిలి దీపం ఒరిగింది. అత్త కన్నియమ్మ ముప్పై ఏళ్ళుగా కొలుస్తున్న మురుగన్ పటం కాలిపోయింది. అత్తకు అప్పటికే కళ్ళకు పొర కమ్మింది. ఎదురుగా ఉన్నది మనిషో మానో తెలియదనేది. గోడ తడిమితే పటం తగలక ఆమె గుండె ఆగిపోతుందని, దేవకి అటక మీది పాత పటం ఒకటి దించి తగిలించింది. అదే కొలత, అలాంటి చెక్క చట్రమే. లోపల మాత్రం సీమ గొర్రె! తెల్లదొరల కాలంలో నూలు బేళ్ళతో వచ్చిన బొమ్మ. పెట్టెలాంటి ఒళ్ళు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళు, మెడలో బంగారు పతకం, పక్కన తాడు పట్టుకున్న టోపీదొర.

రేపు మాపు అంటూ నెలలు గడిచాయి. అత్త రోజూ ఆ పటానికి పువ్వు పెట్టేది, కుంకుమ అద్దేది. బొట్టు సరిగ్గా గొర్రె నుదుటనే పడేది. “స్వామీ, నా కూతుర్ని చల్లగా చూడు” అని కోడలి కోసం మొక్కేది. తల్లి మొహం ఎరగని దేవకికి ఆ ‘కూతురు’ అన్న మాటే పెన్నిధి. నిజం తెలిస్తే ఇక ఆ పిలుపు ఉంటుందా?

తిరువళ్ళూరు కంటి శిబిరంలో ఆపరేషన్ అయింది. చూపు వచ్చిందన్నారు. అయినా, “ఇంటికి పోయి నా స్వామిని చూసేటప్పుడే విప్పేది” అని అత్త కళ్ళకు పచ్చగుడ్డ కట్టుకుని కూర్చుందట.

దేవకి ఇంటికి బయల్దేరిన ఆర్.కె.పేట టౌన్ బస్సు సగం దారిలో పంచరైంది. దేవకి పటాన్ని పసిబిడ్డలా కొంగులో చుట్టుకుని చెరకు బండెక్కింది. ఇల్లు చేరేసరికి వీధిలో మొగుడు పొన్నుస్వామి గొంతు.

“మెల్లగా, అమ్మా! గడప ఉండాది.”

సీమ గొర్రె మగ్గం గుంతలోకి దూరింది. మురుగన్ గోడెక్కాడు.

కన్నియమ్మ గోడ ముందు నిలబడి ముడి విప్పింది. రెప్పలల్లార్చి చేతులు జోడించింది.

“ఎంత కొత్తగా ఉండాడురా స్వామి!”

“పొర పోయింది కదమ్మా,” అందుకున్నాడు పొన్నుస్వామి.

దేవకి ఇప్పటికి ఊపిరి పీల్చుకుంది. అత్త ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తనివితీరా చూసింది.

“చిక్కిపోతివి కదే, కూతురా!”

దేవకి కళ్ళు చెమర్చాయి. అత్త ఆమెను దగ్గరికి లాక్కుని చెవిలో అడిగింది.

“నా గొర్రెను యాడ దాచినావే?”