క్యాలెండరు మీద ఎర్ర గీత

“తొమ్మిది నుంచి ముప్పై దాకానా? అన్ని రోజులూ ఇంటికి రంగులేనా అన్నయ్యగారూ?”

ఆఫీసు గోడ క్యాలెండరు మీద మూడు వారాల పొడవునా లాగిన ఎర్ర పెన్సిలు గీతను ఆమె వేలితో చివరిదాకా తడిమి చూసింది.

“పాత గోడలు కదమ్మా. గీకాలి, పూయాలి, ఆరాలి,” అన్నాడు సన్నబాబు ఫైల్లోంచి తల ఎత్తకుండా.

నూట ముప్పై కిలోల మనిషికి ఆ పేరు ఎవరు తగిలించారో గానీ, ఆఫీసంతా నోటికి అలవాటైపోయింది. ఒంటి విషయంలో ఆమె కూడా ఆయనకేమీ తీసిపోదు. అందుకే వాళ్లిద్దరూ పనిచేసే రికార్డు గదిని పై అంతస్తు వాళ్లు ‘బరువు బాధ్యతల శాఖ’ అంటారు. ఇద్దరూ విని నవ్వేసి ఊరుకుంటారు.

ఆ గదికి ఇద్దరే గుమాస్తాలు. ఒకరు సెలవు పెడితే రెండోవారు ఉండి తీరాలి. క్యాలెండరు మీద ముందు ఎవరు గీత గీస్తే సెలవు వాళ్లది. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి, ఒక్క తగాదా లేదు.

ఆమె మాత్రం రెండు నెలలుగా అన్నీ పకడ్బందీగా అమర్చుకుంది. పొట్ట చిన్నది చేసే ఆపరేషను తొమ్మిదో తారీఖున. మొదటి వారం మంచం, రెండో వారం ఇంట్లోనే నడక, మూడో వారం మెత్తటి తిండి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని పని చేసుకోవచ్చన్నారు. వంటకి అక్క వస్తానంది. ఆఫీసులో చెప్పడానికి పిత్తాశయంలో రాళ్లు సిద్ధంగా ఉన్నాయి. నిజం చెబితే పై అంతస్తుకి ఏడాదికి సరిపడా జోకులు దొరుకుతాయి మరి. ఎవరూ ఆరా తీయకూడదని గీత గీసే పని ఒక్కటే చివరికి ఉంచుకుంది. ఆ చివరికి ఇంకా పది రోజులే మిగిలాయి.

పోనీ, ఆపరేషను వెనక్కి జరుపుదామా అంటే, ఆ డాక్టరు ఆరు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళ్లిపోయే మనిషి. ఆమె షుగరు, ఆయాసం చూసి, ఇంకో ఆరు నెలలు ఇలాగే లాక్కొస్తే ప్రాణానికే ముప్పని మొహం మీదే చెప్పాడు.

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది.

“మీలో మీరు తేల్చుకోండి. మీ ఇద్దరి మధ్యా నేను నలగలేను,” అని చేతులు దులిపేసుకున్నాడాయన.

కిందికొచ్చి రాళ్ల సంగతి ఎత్తింది.

“రాళ్లేగా? ఒక్క నెల మందుల మీద ఆగవా?” అన్నాడు సన్నబాబు.

“మనిషి కన్నా మీకు గోడలు ఎక్కువయ్యాయా?”

“అలా అనకమ్మా. ఎన్నాళ్లో తిరిగితే ఈ తారీఖు ఇచ్చారు. పోతే మళ్లీ ఎప్పటికో.”

రంగులు వేసేవాళ్లకి కూడా ఇంత గిరాకీ ఉందా అని ఆమె ఒళ్లు మండిపోయింది.

మర్నాడు వచ్చీరాగానే రికార్డు గది తలుపు దగ్గరికి వేసి, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“రాళ్లు కాదు అన్నయ్యగారూ,” అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. “మొన్న మెట్ల మీద కళ్లు తిరిగితే మా పాప పట్టుకుంది. ఏడేళ్ల పిల్ల, నన్నెక్కడ ఆపుతుంది చెప్పండి? నాతో పాటు అదీ నాలుగు మెట్లు జారింది. దానికి నేను తప్ప ఎవరూ లేరు.”

సన్నబాబు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

“తొమ్మిదో తారీఖేనా?”

“అవును.”

“ఎవరికీ చెప్పలేదా?”

“మీకే మొదట.”

“చెప్పుకోవడం కష్టమేలే,” అన్నాడు. కుర్చీలోంచి లేవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. క్యాలెండరు దగ్గరికెళ్లి రబ్బరుతో గీతను రుద్దాడు. అది సగమే పోయింది. “ఇంతకంటే పోదు. పైన నీ పేరు రాసుకోమ్మా.”

“మరి మీ ఇల్లు?”

“దానికేం, నిలబడే ఉంటుంది. వచ్చేసారి చూద్దాం.”

ఆమెకు ఏడుపొచ్చింది. చేతులెత్తి దండం పెట్టబోతే ఆయన విసుక్కుని, బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేసుకుని వచ్చాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో, నాలుగు రోజులుగా కడుపు బాగాలేదని టీతో సరిపెట్టుకుంటున్న మనిషి, ఏకంగా నాలుగు క్రీము బన్నులు తెప్పించుకుని వరసగా లాగించాడు. డాక్టరు చెప్పిన ప్రకారం ఫ్లాస్కులోని పలచటి సూపు చప్పరిస్తూ ఆమె చూస్తూ కూర్చుంది.

“కాస్త తగ్గించండి అన్నయ్యగారూ, ఒంటికి మంచిది కాదు.”

“ఇప్పుడింక తొందరేముందమ్మా,” అన్నాడు నోటినిండా బన్నుతో.

ఎంత మంచివాడైనా నోరు కట్టుకోలేని మనిషి, ఈయన ఈ జన్మకి మారడని ఆమె మనసులో జాలిపడింది. తను మాత్రం నిశ్చయం చేసుకున్నందుకు కొంచెం గర్వం కూడా కలిగింది.

తొమ్మిదో తారీఖు పొద్దున్నే ఆసుపత్రిలో చేరింది. గదిలో రెండు మంచాలు. నర్సు కాగితాలు నింపుతూ ఉద్యోగం ఏమిటని అడిగింది. ఆమె ఆఫీసు పేరూ, రికార్డు గదిలో గుమాస్తాననీ చెప్పింది. నర్సు పెన్ను ఒక్క క్షణం ఆగింది.

“పక్క మంచానికి ఎవరూ రారా?” అని అడిగిందామె, తోడుంటే బాగుండుననిపించి.

“రావాల్సిందేనండీ. వారం పది రోజుల కిందట ఫోన్ చేసి మానుకున్నారు. డాక్టరుగారు బాగా కోప్పడ్డారు కూడా, అందరికన్నా ముందు చేయాల్సింది ఆయనకేనట.”

“అయ్యో, ప్రాణం మీదికి వచ్చాక మానుకోవడమేమిటి? భయపడ్డారా?”

“ఆయనదీ మీ రికార్డు గదేనండీ, సెలవు దొరకలేదట.”