దానంతటదే అంటుకున్న బొగ్గు

"నీ మొగుడు పారేసిన బీడీకే నా బొగ్గుకుప్ప తగలబడింది," అన్నాడు ఇటుకబట్టీ యజమాని ముస్తఫా, ఆస్పత్రి వరండాలో.

"ఆయన బీడీ ముట్టడండీ. బట్టీలో ఎవరినైనా అడగండి," అంది అమలమ్మ. బట్టీకి కాపలా ఉండే ఆమె భర్త ఒళ్లు కాలి లోపల మంచం మీద పడున్నాడు.

నా పుస్తకాల పిచ్చిని కంకిపాడు సెంటర్లో నలుగురి ముందూ వెక్కిరించిన ముస్తఫాకి బదులు చెప్పే రోజు వచ్చిందనుకున్నాను.

"బీడీ కాదోయ్! నువ్వు చవగ్గా తెప్పించిన ఇండోనేషియా లిగ్నైట్, నాసిరకం బొగ్గు అది. కుప్ప పోసి వదిలేస్తే లోపల వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. ప్రపంచంలో ఈ బొగ్గు అందరికంటే ఎక్కువ కొనే చైనావాళ్లే ఈ మంటల్ని ఆపలేకపోతున్నారు. నీకేం తెలుసు?"

అమలమ్మ ఏడుస్తూ నాకు దండం పెట్టింది.

ముస్తఫా ముఖం మాడిపోతుందనుకున్నాను. అతను నా చెవి దగ్గరకు వంగాడు.

"బీడీ మాట ఎవరూ నమ్మరేమోనని భయపడ్డాను మాస్టారూ. చదువుకున్నవారు, మీరు చెబితే నమ్ముతారు. చైనావాళ్లే ఆపలేనిదానికి నా తప్పేముంది? ఇక ఈవిడకి నేను పరిహారం ఇవ్వక్కర్లేదు."

ప్రమాదం గురించి విచారించడానికి ఎస్సై మెట్లెక్కి వస్తున్నాడు. నేను వెనక్కి తగ్గాను.

అమలమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"భయపడకండి మాస్టారూ. ఇందాక చెప్పిందంతా ఎస్సైగారికీ చెప్పండి."